సరైన సమాధానమే చెప్పినా అడిగినవారి సందేహం ఎందుకు తీరదు?

నమస్కారం. మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందుగా చెబుతాను. మీరు భౌతికశాస్త్రం చదివారు. తీరిక దొరికినప్పుడల్లా, ముఖపరిచయం లేనివారు అడిగే రోజువారీ సైన్సు, సాంకేతిక సందేహాలకు సమాధానాలు రాస్తున్నారు. ఈ మధ్య ఒకాయన, "ఫోన్ తగిలించకుండా చార్జర్‌ను ప్లగ్గులోనే వదిలేస్తే కరెంటు కాలుతుందా?" అని అడిగితే, చార్జర్ లోపలి సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో, ట్రాన్స్‌ఫార్మర్‌లో నష్టాలు ఎందుకు వస్తాయో వివరిస్తూ మీరు రెండు పేజీలు రాశారు. ఆయన అంతా ఓపికగా చదివి, "సరేనండీ, ఇంతకీ తీసేయాలా, ఉంచవచ్చా?" అని మళ్లీ అడిగారు. రాసినదానిలో ఒక్క తప్పూ లేనప్పుడు ఇలా ఎందుకు జరుగుతోందని, ఏం మార్చుకోవాలని మీ ప్రశ్న.

నేను విద్యుత్ పరికరాల నిర్వహణలో పనిచేస్తూ ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి సందేహాలకు జవాబులు రాస్తున్నాను. మీకు ఎదురైన అనుభవం మొదటి ఐదారేళ్లు నాకు వారం వారం ఎదురయ్యేది. లోపం మీ చదువులో లేదు, మీ భాషలో కూడా పెద్దగా లేదు. మనం ప్రశ్నలో ఉన్న మాటలకు జవాబు చెబుతాం, ఆ మనిషి చేత ఆ ప్రశ్న అడిగించిన కారణాన్ని మాత్రం పట్టించుకోం. చార్జర్ గురించి అడిగిన ఆయన ఒక పని చేయాలా, అక్కర్లేదా అని తేల్చుకోలేక అడిగారు. మీరు ఆయనకు చార్జర్ ఎలా పనిచేస్తుందో చెప్పారు. అది మంచి విషయమే కానీ, ఆయనకు కావలసిన మాట అందులో ఎక్కడో మునిగిపోయింది.

కాబట్టి ప్రశ్న చదవగానే నేను మొదట వెతికేది సమాధానం కాదు, ప్రశ్న వెనుక ఉన్న అవసరం. కొందరు ఏదో నిర్ణయించుకోవలసి వచ్చి అడుగుతారు. కొందరు భయపడి అడుగుతారు. కొందరు నిజంగా తెలుసుకోవాలన్న కుతూహలంతో అడుగుతారు, అలాంటివారికి మీ రెండు పేజీలూ పండగే. చిక్కేమిటంటే, ఈ ముగ్గురూ ఒకే మాటలతో అడుగుతారు. "వైఫై తరంగాలు శరీరంలోకి వెళ్తాయా?" అన్న ప్రశ్నను కుతూహలం ఉన్న విద్యార్థి అడగవచ్చు, పసిబిడ్డ పడుకునే గదిలో రౌటర్ పెట్టిన తల్లి కూడా అడగవచ్చు. "వెళ్తాయి, కొంత మేరకు చొచ్చుకుపోతాయి" అన్న జవాబు విద్యార్థికి ఆసక్తిగా ఉంటుంది, ఆ తల్లికి మాత్రం రాత్రి నిద్ర ఉండదు. రెండు చోట్లా శాస్త్రం ఒకటే. మొదట ఏ మాట చెప్పాలన్నదే మారుతుంది.

ఆ తల్లికి నేను రాసే జవాబు మొదటి వాక్యంలోనే, ఇంట్లో వాడే రౌటర్ వల్ల బిడ్డకు హాని జరుగుతుందని చూపే నమ్మదగిన ఆధారం లేదని చెబుతుంది. కారణం ఆ తర్వాత వస్తుంది. ఏ కాంతి అయినా, ఏ రేడియో తరంగమైనా శక్తిని చిన్న చిన్న పొట్లాలుగా మోసుకొస్తుంది. శరీరంలోని అణువులను దెబ్బతీసేలా వాటి నుంచి ఎలక్ట్రాన్లను ఊడదీయాలంటే ఒక్కో పొట్లంలో సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే అతి చిన్న కొలమానం) శక్తి ఉండాలి. ఎక్స్‌రేలకు అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. మన కంటికి కనిపించే మామూలు వెలుతురులో ఒక్కో పొట్లానికి రెండు ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒక్కో పొట్లానికి ఉండేది ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు. అంటే ఆ గదిలో వెలిగే దీపం నుంచి వచ్చే ఒక్కో పొట్లం, రౌటర్ నుంచి వచ్చే పొట్లం కంటే లక్షకు పైగా రెట్లు బలమైనది. ఇక మిగిలేది వేడెక్కించడం. మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అదే పౌనఃపున్యంలో పనిచేస్తుంది కదా అని చాలామంది అడుగుతారు, అడగవలసిన ప్రశ్నే అది. అయితే ఓవెన్ వందల వాట్ల శక్తిని ఒక లోహపు పెట్టెలో బంధించి వేడెక్కిస్తుంది. రౌటర్ వదిలేది వాట్‌లో పదో వంతు చుట్టూ ఉంటుంది, అది కూడా అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. ఇంత చెప్పాక, మనసుకు ఇంకా నెమ్మది కలగకపోతే రౌటర్‌ను మంచానికి రెండు మూడు మీటర్ల దూరంగా జరపమని కూడా రాస్తాను, ఎందుకంటే దూరం రెట్టింపైతే తీవ్రత సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. భయపడినవారిని చూసి నవ్వకూడదు. బిడ్డ గురించి అడిగే ప్రశ్నలో వెర్రితనం ఏమీ లేదు.

అవసరం ఏమిటో ప్రశ్నలో తెలియకపోతే తిరిగి అడగాలి. అయితే పది ప్రశ్నలు ఒకేసారి గుప్పిస్తే అడిగినవారు బెదిరిపోయి మళ్లీ మాట్లాడరు. ఒక్క ప్రశ్న అడగండి, ఉన్న అవకాశాలను రెండు ముక్కలు చేసే ప్రశ్న అయి ఉండాలి. "మా ఇంట్లో నెట్ రావడం లేదు" అని ఎవరైనా రాస్తే, రౌటర్ ఏ కంపెనీది, ఫోన్ ఏ మోడల్, ఎంత వేగం ప్యాకేజీ అని అడగడం వల్ల ఏమీ తేలదు. "రౌటర్ పక్కనే నిలబడి చూస్తే వస్తోందా?" అని అడగండి. వస్తోందంటే బయటి లైను బాగానే ఉందని, గోడల వల్లో దూరం వల్లో సంకేతం బలహీనపడుతోందని తేలిపోతుంది. అప్పుడు వైఫైని 5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం నుంచి 2.4 గిగాహెర్ట్జ్‌కు మారి చూడమని చెప్పవచ్చు, రెండోదాని వేగం తక్కువైనా అది గోడలను మెరుగ్గా దాటుతుంది. పక్కన నిలబడినా రావడం లేదంటే గోడల మాట వదిలేసి, రౌటర్‌కు కేబుల్‌తో నేరుగా తగిలించిన కంప్యూటర్‌లో వస్తోందా అని అడగాలి. ఇలా రెండు మూడు ప్రశ్నల్లో తప్పు ఎక్కడుందో చాలా ఇరుకైన చోటికి వచ్చేస్తుంది. తెర మీద కనిపించిన హెచ్చరికను ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా రాయమని అడగడం కూడా ఎన్నోసార్లు గంటల పనిని మిగిల్చింది. "ఏదో ఎర్రర్ అని వచ్చింది" అన్న వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు.

ఇక్కడ ఒక ప్రశ్నను దగ్గరగా చూద్దాం, ఎందుకంటే నేను దీనికి మూడు నాలుగు సార్లు తప్పుగా రాసి, ఆ తర్వాతే సరిగ్గా రాయడం నేర్చుకున్నాను. "10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొన్నాను. నా ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్. రెండుసార్లు నిండాలి కదా, ఒకటిన్నర సార్లకే ఖాళీ అయిపోతోంది. నన్ను మోసం చేశారా?" ఇందులో అవసరం స్పష్టంగా ఉంది. తనకు అన్యాయం జరిగిందా, వస్తువును తిరిగి ఇచ్చేయాలా అన్నది ఆయనకు తెలియాలి. మొదటిసారి నేను వోల్టేజీ మార్పిడి గురించి ఒక పాఠం రాశాను. ఆయన చివరికి, "అంటే మోసమేనన్నమాట" అని తేల్చుకున్నారు. నేను చెప్పినది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇప్పుడైతే "మోసం కాదు, ఒకటిన్నర సార్లు రావడం సహజమే" అని మొదలుపెడతాను. తర్వాత ఆయన వేసిన లెక్క తీసుకుంటాను, ఎందుకంటే ఆ లెక్క తెలివితక్కువది కాదు. పదివేలను ఐదువేలతో భాగిస్తే రెండే వస్తుంది. అయితే ఎంఏహెచ్ అనేది బ్యాటరీలో ఎంత విద్యుదావేశం ఉందో చెబుతుంది, అది ఎంత వోల్టేజీ దగ్గర ఉందో చెప్పదు. ట్యాంకులో ఎన్ని బిందెల నీళ్లున్నాయో చెప్పి, ట్యాంకు ఎంత ఎత్తున ఉందో చెప్పకపోవడం లాంటిది ఇది. ఆ నీళ్లతో ఎంత పని జరుగుతుందో తెలియాలంటే రెండూ కావాలి. పవర్ బ్యాంక్ లోపలి లిథియం అయాన్ సెల్ సగటున 3.7 వోల్టుల దగ్గర ఉంటుంది. 10,000 ఎంఏహెచ్ అంటే 10 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే 37 వాట్ అవర్లు వస్తాయి, అందులో ఉన్న శక్తి అది. ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్, దాని సగటు వోల్టేజీ 3.85 అనుకుంటే 19 వాట్ అవర్లకు కాస్త పైన. ఇక్కడే రెండుకు కొంచెం తక్కువైంది. పైగా పవర్ బ్యాంక్ తన 3.7 వోల్టులను 5 వోల్టులకు పెంచి కేబుల్‌లోకి పంపుతుంది, ఫోన్ దాన్ని మళ్లీ తన బ్యాటరీకి తగినట్టు తగ్గించుకుంటుంది. ఒక్కో మార్పిడిలో నూటికి పది వంతులు పోయాయనుకుంటే 37 కాస్తా 33 అయి, ఆ 33 కాస్తా 30 అవుతుంది. 30ని 19తో భాగిస్తే ఒకటిన్నర చిల్లర. ఆయన కళ్లారా చూసిన సంఖ్య అదే.

ఇక చివరగా ఆయన చేతులతోనే నిర్ధారించుకునే మార్గం చెప్పాలి. చార్జింగ్ అవుతుండగా పవర్ బ్యాంక్‌ను, ఫోన్‌ను ముట్టుకుని చూడమంటాను. రెండూ వెచ్చగా ఉంటాయి. ఫోన్‌లోకి చేరని శక్తిలో ఎక్కువ భాగం ఆ వెచ్చదనంగానే పోయింది. పవర్ బ్యాంక్ వెనుకవైపు చూస్తే, చాలా వాటిపై 5 వోల్టుల దగ్గర ఎంత సామర్థ్యం లభిస్తుందో చిన్న అక్షరాలతో విడిగా అచ్చువేసి ఉంటుంది, అది పదివేలకు చాలా తక్కువగా ఉంటుంది. ఫోన్ ఒక్కసారి కూడా పూర్తిగా నిండకుండానే కొత్త పవర్ బ్యాంక్ అయిపోతుంటే మాత్రం అనుమానించవచ్చు, తిరిగి ఇవ్వవచ్చు. ఈ చివరి మాట చెప్పకపోతే సమాధానం సగమే. ఏది సహజమో చెప్పినప్పుడు ఏది సహజం కాదో కూడా చెప్పాలి, లేకపోతే నిజంగా నకిలీ వస్తువు చేతికి వచ్చినవారు కూడా మన మాట చదివి ఊరుకుంటారు.

సామర్థ్యం అన్న మాట వచ్చింది కనుక, తెలుగులో రాసేవారికి ఎదురయ్యే ఒక చిక్కు చెప్పాలి. పాఠ్యపుస్తకాల్లో సామర్థ్యం అంటే ఒక సెకనులో ఎంత పని జరుగుతుందన్న లెక్క, దాన్ని వాట్లలో కొలుస్తాం. బ్యాటరీల దగ్గరకు వచ్చేసరికి అదే మాటను ఎంత పడుతుందన్న అర్థంలో వాడతాం. యంత్రం ఎంత పొదుపుగా పనిచేస్తుందో చెప్పడానికి కూడా చాలామంది అదే మాట వాడతారు, పుస్తకాల్లో దానికి దక్షత అన్న మాట ఉన్నా సరే. శక్తి అన్న మాటదీ ఇదే కథ, బలానికీ అదే, పవర్‌కూ అదే. మాట్లాడుకునేటప్పుడు సందర్భం కాపాడుతుంది కానీ, రాతలో కాపాడదు. అందుకని నేను వాట్లు, వాట్ అవర్లు, యూనిట్లు అని కొలమానంతో సహా రాస్తాను. కరెంటు కాలుతుందా అని అడిగినవారికి, కరెంటు అంటే ఆంపియర్లండీ, మీరు అడుగుతున్నది విద్యుచ్ఛక్తి గురించి అని దిద్దబోను. ఆ మాటను ఆయన వాడిన అర్థంలోనే తీసుకుని, యూనిట్లలో జవాబు చెబుతాను. మాటను దిద్దవలసిన సమయం ఒక్కటే ఉంది: ఆ మాట వల్లే ఆయన లెక్క తప్పినప్పుడు.

కుతూహలంతో అడిగే ప్రశ్నల గురించి కూడా చెబుతాను, ఎందుకంటే నాకు వ్యక్తిగతంగా ఎక్కువ సంతోషాన్నిచ్చేవి అవే. "ఒకే గదిలో రాత్రంతా ఉన్న ఇనుప కుర్చీ చల్లగా, చెక్క కుర్చీ వెచ్చగా ఎందుకుంటాయి?" అన్నది వాటిలో ఒకటి. దీనికి "ఉష్ణవాహకత తేడా" అన్న రెండు మాటల జవాబు సరైనదే. కానీ అడిగినవారి మనసులో అప్పటికే ఒక బొమ్మ ఉంటుంది: లోహం స్వభావం చల్లన, చెక్క స్వభావం వెచ్చన. ఆ బొమ్మను కదపకుండా దాని మీద కొత్త మాట అతికిస్తే, లోహానికి ఉష్ణవాహకత ఎక్కువ కాబట్టి అది చల్లగా ఉంటుంది అని పాత బొమ్మకే కొత్త పేరు పెట్టుకుంటారు. అందుకే నేను వివరణకు ముందు ఒక పని చెబుతాను. ఒకే పరిమాణంలో ఉన్న రెండు మంచు ముక్కలు తీసుకుని, ఒకటి మందపాటి అల్యూమినియం పళ్లెం మీద, ఇంకొకటి చెక్క పలక మీద పెట్టండి. రెండూ చాలాసేపటి నుంచి ఆ గదిలోనే ఉన్నవై ఉండాలి. పెట్టేముందు ఏది త్వరగా కరుగుతుందో అనుకుని కాగితం మీద రాసుకోండి.

ఈ పని చెప్పిన ప్రతిసారీ దాదాపు అందరూ చెక్క మీదదే ముందు కరుగుతుందని రాస్తారు, వెచ్చగా ఉన్నది అదే కదా. జరిగేది మరొకటి. పళ్లెం మీది ముక్క కింద క్షణాల్లో నీటి పొర ఏర్పడుతుంది, ముక్క జారడం మొదలుపెడుతుంది, కళ్ల ముందే చిక్కిపోతుంది. చెక్క మీది ముక్క దాదాపు పెట్టినట్టే ఉంటుంది. చల్లగా అనిపించిన వస్తువే మంచును త్వరగా కరిగించింది. ఈ ఆశ్చర్యం కలిగాక వివరణకు చోటు దొరుకుతుంది: రెండు వస్తువులూ గది ఉష్ణోగ్రతలోనే ఉన్నాయి, చేతి చర్మం సుమారు 33 డిగ్రీల దగ్గర ఉంది, గది అంతకంటే చల్లగా ఉంటే చేతి నుంచి వేడి వస్తువులోకి ప్రవహిస్తుంది. అల్యూమినియంలో వేడి చెక్కలో కంటే వెయ్యి రెట్లకు మించి సులువుగా పాకిపోతుంది కనుక, చర్మం దగ్గర వేడి నిలవదు. చెక్కలో అయితే ముట్టుకున్న చోటే పేరుకుపోయి, ఆ పలుచని పొర క్షణంలో చేతి వెచ్చదనానికి వచ్చేస్తుంది. మన చర్మం వస్తువు ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు. వేడి ఎంత వేగంగా పోతోందో, ఎంత వేగంగా వస్తోందో దాన్నే ఎక్కువగా గుర్తిస్తుంది. మంచు ముక్క విషయంలో ప్రవాహం దిశ మారింది, పళ్లెం నుంచి మంచులోకి వేడి పరుగెత్తింది, అంతే. ఎండలో కాగిన లోహం అదే ఎండలోని చెక్క కంటే ఎక్కువగా చురుక్కుమనడానికి కారణం కూడా ఇదేనని అప్పుడు వాళ్లే చెబుతారు. అడిగినవారు మనం చెప్పని తర్వాతి ఉదాహరణను తామే చెప్పారంటే, ఆ సమాధానం పనిచేసిందని నేను లెక్కవేసుకుంటాను.

అందరూ చెప్పుకునే సమాధానాన్ని పరీక్షించకుండా మనం మళ్లీ చెప్పకూడదు. సముద్రం నీలంగా ఎందుకుంటుందని అడిగితే, ఆకాశం ప్రతిబింబం అని ఇప్పటికీ చాలామంది చెబుతారు. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ అంతటివారు కూడా అదే అభిప్రాయపడ్డారు. 1921లో ఇంగ్లండ్ ప్రయాణం చేసిన సి.వి. రామన్ మధ్యధరా సముద్రపు నీలం చూసి, ఆ మాటను అక్కడే పరీక్షించారు. ఆయన దగ్గర ఉన్నది ఒక చిన్న నికోల్ పట్టకం, ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే స్ఫటికం. నీటి ఉపరితలం నుంచి ఒక నిర్దిష్ట కోణంలో పరావర్తనం చెందే కాంతి ధ్రువణం చెంది (అంటే దాని కంపనాలు ఒకే దిశకు పరిమితమై) ఉంటుంది కనుక, పట్టకాన్ని తిప్పి ఆ ప్రతిబింబాన్ని కంటికి చేరకుండా ఆపేయవచ్చు. ఆపినా నీలం పోలేదు, ఇంకా చిక్కగా కనిపించింది. అంటే రంగు నీటి లోపలి నుంచే వస్తోంది. ద్రవాల్లో కాంతి పరిక్షేపణం (చెదిరిపోవడం) మీద అలా మొదలైన పని 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితానికి, 1930లో నోబెల్ బహుమతికి దారితీసింది.

ఈ కథను ఇక్కడితో ఆపితే బాగుంటుంది కానీ, నిజాయతీ అనిపించుకోదు. రామన్ ఆ నీలానికి నీటి అణువులు కాంతిని చెదరగొట్టడమే ముఖ్య కారణమన్నారు. నీరు ఎర్ర కాంతిని మెల్లగా మింగేస్తుందని, కొన్ని మీటర్ల లోతుకు చేరేసరికే ఎరుపులో చాలా భాగం పోయి నీలం మిగులుతుందని, అదే ప్రధాన కారణమని ఇప్పుడు మనకు తెలుసు. పరిక్షేపణం చేసే పని, మిగిలిన ఆ నీలాన్ని వెనక్కి తిప్పి మన కంటికి పంపడం. పైకప్పు ఉన్న ఈతకొలనులో తెల్ల పలకల మీద నిలిచిన నీరు కూడా లేత నీలంగా కనిపిస్తుంది, అక్కడ ప్రతిబింబించడానికి ఆకాశమే లేదు. ప్రతిబింబం కాదన్నంత వరకు రామన్ మాట నిలిచింది, మిగతా వివరణ తర్వాత మారింది. సమాధానంలో ఈ రెండు భాగాలనూ విడదీసి చెప్పాలి. సైన్సులో ఏది ప్రయోగంతో తేలింది, ఏది అప్పటికి ఉన్న ఉత్తమ వివరణ అన్న తేడా చదివేవారికి కనపడితే, రేపు ఇంకో మాట మారినప్పుడు శాస్త్రం మీదే నమ్మకం పోగొట్టుకోరు.

ఇప్పుడు ప్రమాదం ఉన్న ప్రశ్నలు. ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకూడదని. చాలా ఏళ్ల క్రితం ఒకాయన, తడి చేతులతో వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందని, ఎందుకలా జరుగుతుందని అడిగారు. లోహపు మూత ఉన్న ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు వేలి వెనుక భాగంతో మెల్లగా రాస్తే గరగరమన్నట్టు అనిపించడం నాకు తెలుసు. రెండు పిన్నుల చార్జర్‌లోని విద్యుత్ అలజడిని వడకట్టే ఫిల్టర్ కెపాసిటర్ల గుండా మిల్లీ ఆంపియర్‌లో కొద్ది భాగం లీకవడం వల్ల వచ్చేది అది, మామూలుగా అపాయం లేనిది. వాషింగ్ మెషిన్‌లో కూడా అలాంటి ఫిల్టర్ ఉంటుందని ఆ విషయమంతా ఆసక్తిగా వివరించాను. ఎర్తింగ్ ఒకసారి చూపించుకోండి అన్న మాట అట్టడుగున, చివరి వాక్యంగా రాశాను. వారం తర్వాత ఆయన మళ్లీ రాశారు. సాకెట్‌లో ఎర్త్ తీగ ఊడిపోయి ఉందట. ఈలోగా ఇంట్లో ఇంకొకరికి గట్టిగా షాక్ కొట్టిందట, అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. నేను చెప్పిన శాస్త్రంలో తప్పు లేదు. ఎర్త్ తీగ ఊడితే ఫిల్టర్ వల్ల మెషిన్ లోహపు బాడీ మీద సన్నని జలదరింపు రావడం నిజమే. కానీ ఆ జలదరింపే ఎర్త్ లేదన్న హెచ్చరిక. ఎర్త్ లేని ఆ మెషిన్‌లో ఇన్సులేషన్ ఎక్కడైనా పాడైతే, మొత్తం సరఫరా వోల్టేజీ బాడీ మీదికి వచ్చి నిలబడుతుంది. సుమారు 10 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు చేతి గుండా పోతేనే చాలామందికి కండరాలు బిగుసుకుని, పట్టుకున్నది వదల్లేని స్థితి వస్తుంది.

ఆ రోజు నుంచి నాకు ఒక నియమం ఉంది: ప్రాణానికి సంబంధించిన ప్రశ్నకు మొదటి వాక్యం చేయవలసిన పని అయి ఉండాలి. "మెషిన్‌ను ముట్టుకోకుండా, పొడి చేతులతో మెయిన్ స్విచ్ ఆపండి, ఎలక్ట్రీషియన్ ఎర్తింగ్ చూసేవరకు వాడవద్దు." కారణం తర్వాత ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. గ్యాస్ వాసన వస్తోందని ఎవరైనా రాస్తే స్విచ్‌లు వేయవద్దు, తీయవద్దు, కిటికీలు తెరిచి బయటికి వెళ్లి సహాయానికి ఫోన్ చేయండి అన్నది ముందు, ఆ గ్యాస్ గాలి కంటే బరువైనదా తేలికైనదా అన్న చర్చ తర్వాత. బ్లీచ్‌లో ఇంకేదైనా శుభ్రపరిచే ద్రవం కలపవచ్చా అంటే కలపవద్దు అన్నదే మొదటి మాట. ఆమ్లంతో కలిస్తే క్లోరిన్, అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్లు వెలువడతాయి, రెండూ ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువులే. చూడని వైరింగ్‌ను దూరం నుంచి ఫలానా తీగ ఫలానా చోట కలపండి అని నేను ఎప్పుడూ చెప్పను, ఎంత బతిమాలినా సరే. ఫొటో పంపినా చెప్పను. తీగ రంగు చూసి అది ఏ తీగో తేల్చడం, ఆ తీగను పెట్టినవారు పద్ధతి పాటించారని నమ్మడమే అవుతుంది.

తప్పు రాశానని తెలిసినప్పుడు నేను పాత వాక్యాన్ని చెరిపివేయను. దాని కిందనే, ఇది తప్పు, సరైనది ఇది, ఫలానా తేదీన దిద్దాను అని రాస్తాను. పాత మాట చదివి వెళ్లిపోయినవారు తిరిగి వస్తే, తాము చదివినది ఏమైందో వారికి తెలియాలి.

ఇక మీ చార్జర్ ప్రశ్న. ఆయనకు నేనైతే ఇలా రాసి ఉండేవాడిని.

"ఉంచవచ్చండీ, బిల్లు గురించి అయితే బెంగ అక్కర్లేదు. ఫోన్ తగిలించని చార్జర్ కూడా కొంచెం కరెంటు తీసుకుంటుంది, కానీ అది చాలా తక్కువ. ఇప్పటి చిన్న చార్జర్లలో మంచివి ఖాళీగా ఉన్నప్పుడు వాట్‌లో పదో వంతు మించి తీసుకోవు. ఐరోపా సమాఖ్య 2020 ఏప్రిల్ నుంచి ఈ రకం చార్జర్లకు విధించిన పరిమితి కూడా అదే. ఏడాదికి 8,760 గంటలు, రోజూ ఇరవై నాలుగు గంటలూ ప్లగ్గులోనే ఉన్నా మొత్తం 876 వాట్ అవర్లు, అంటే ఒక యూనిట్ (వెయ్యి వాట్ అవర్లు) కూడా నిండదు. రెండు వేల వాట్ల వాటర్ హీటర్ అరగంట నడిస్తే అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది. కరెంటు ఆదా చేయాలని ఉంటే ఆ హీటర్ దగ్గర ఐదు నిమిషాలు తగ్గించండి. మీ చార్జర్ పాతకాలపుదైతే, చేతిలోకి తీసుకుంటే ఇనుప ముద్దలా బరువుగా ఉండేదైతే, దాని సంగతి వేరు. ఫోన్ లేకుండా గంటసేపు ప్లగ్గులో ఉంచి, ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే అది పదో వంతు వాట్ కంటే చాలా ఎక్కువ తీసుకుంటోందని అర్థం, దాన్ని తీసేయడమే మంచిది. చార్జర్ పగిలినా, పిన్నులు వదులైనా, సన్నగా చిటపట శబ్దం వస్తున్నా, కాలిన వాసన వస్తున్నా బిల్లుతో సంబంధం లేకుండా ముందు స్విచ్ ఆపి, ఆ తర్వాత బయటికి తీయండి, మళ్లీ వాడకండి. లోపల ఏం జరుగుతుందో కూడా తెలుసుకోవాలనిపిస్తే అడగండి, వివరంగా రాస్తాను."

మీరు అప్పటికే రాసిన ఆ రెండు పేజీలనూ పారేయకండి. ఆయన ఆ చివరి వాక్యానికి "అవునండీ, చెప్పండి" అని బదులిస్తే, అప్పుడు పంపండి.